పదకొండు డిగ్రీలు

మా మామయ్య పగలు నిద్రపోయే మనిషి. అందుకని మా ఇంట్లో మధ్యాహ్నాలన్నీ గుసగుసలతోనే గడిచేవి. గిన్నె పెడితే గుడ్డ మీద పెట్టాలి. గడియ తీస్తే మెల్లగా పైకెత్తి తియ్యాలి. అత్తయ్యకి తుమ్ము వస్తే నోరు మూసుకుని పెరట్లోకి పరిగెత్తేది. ఎవరైనా తలుపు కొడితే నేను వెళ్ళి, పెదవుల మీద వేలు పెట్టుకుని నిలబడేదాన్ని. అసలే నాకు మాటలు తక్కువ. ఆ ఇల్లు నాకు సరిగ్గా కుదిరింది.

అమ్మ పోయాక, పదో తరగతి మధ్యలో బడి మానేసి అత్తయ్య దగ్గరికి వచ్చాను. అత్తయ్యకి నడుం నొప్పి. ఇంట్లో ఇంకో మనిషి కావాలి ఆవిడకి, ఒక ఇల్లు కావాలి నాకు. వచ్చిన మొదటి వారమంతా మామయ్యని నేను నిద్రలోనే చూశాను. కళ్ళకి నల్లగుడ్డ కట్టుకుని, వెల్లకిలా పడుకుని, చేతులు రెండూ దుప్పటి మీద పెట్టుకునేవాడు. వేళ్ళు సన్నగా పొడుగ్గా ఉండేవి. గోళ్ళు మొదలంటా కత్తిరించి ఉండేవి. ఉంగరం లేదు, గడియారం లేదు. నిద్రలో ఆ వేళ్ళు ఒక్కోసారి ఏదో సన్నటి చక్రం పట్టుకుని తిప్పుతున్నట్టు కదిలేవి. కొంచెం తిప్పి ఆగేవి. మళ్ళీ కొంచెం తిప్పి ఆగేవి.

ఊరి చివర గుట్ట మీద గుమ్మటం ఉంది. లోపల టెలిస్కోపు. మామయ్య పనిచేసేది అక్కడే. శాస్త్రవేత్త కాదు. చదివింది ఎనిమిదో తరగతి. కుర్రతనంలో కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసేవాడు. గుమ్మటంలో ఏదో అద్దానికి అంచు సరిచెయ్యాల్సి వచ్చి ఒకసారి పిలిపించారట. "రెండు గంటల పనన్నారు. ఇరవై ఆరేళ్ళయింది, ఇంకా అవలేదు" అనేవాడు.

వీధిలో ఆయన్ని అందరూ కోణాలాయన అనేవాళ్ళు. ఏ వస్తువు చూసినా తల కాస్త ఇటు వంచి, మళ్ళీ అటు వంచి చూసేవాడు. "టమాటాకి కూడా కోణాలుంటాయా అయ్యా? తీసుకుంటే తీసుకో, లేకపోతే బుట్ట నీడలోకి జరుపుకోనీ" అని కూరగాయలావిడ కసిరేది. ఆయన నవ్వి, తల నిటారుగా పెట్టుకుని, రెండడుగులు వేశాక మళ్ళీ వంచేవాడు.

ఆయన పని ఏమిటో నాకు తెలియడానికి రెండేళ్ళు పట్టింది. ఒకరోజు పెరట్లో బట్టలారేసే తాడు విప్పి ఒక కొస నా చేతికిచ్చాడు.

"గట్టిగా పట్టుకో. ఇదిగో, నేను పైకీ కిందకీ ఊపుతున్నాను. అల ఎలా వస్తోంది నీ దగ్గరికి?"

"పైకీ కిందకీ."

"ఇప్పుడు పక్కలకి ఊపుతున్నాను. చూశావా? వెలుగూ ఇంతే, ఊగుతూ వస్తుంది. మామూలు వెలుగు అన్ని వైపులకీ గజిబిజిగా ఊగుతుంది. కొన్ని చోట్లనుంచి వచ్చేది మాత్రం ఒక వైపుకే ఎక్కువగా ఊగుతుంది. ఎటువైపు అన్నది కొలవడమే నా ఉద్యోగం."

"ఆ తాడు మీద ఆరాల్సింది మీ చొక్కాలే" అంది అత్తయ్య తడిబట్టలు చంకలో పెట్టుకుని. "ఊపడం అయిపోతే కట్టెయ్యండి."

తరవాత ఆయన నాకో చిన్న ముక్క ఇచ్చాడు. పొగ పట్టిన గాజులా ఉండే పలచటి రేకు. ఒక వైపు ఊగే వెలుగునే లోపలికి పోనిచ్చి, మిగతాది ఆపేస్తుందట. సరుకులకి వెళ్ళినప్పుడు దాన్ని కంటి దగ్గర పెట్టుకుని నడిచేదాన్ని. దుకాణాల అద్దాల మీద ఎప్పుడూ ఎదుటి మేడలూ, ఆకాశమూ, నేనూ కనపడేవాళ్ళం. రేకుని కొంచెం తిప్పితే మేడలు కరిగిపోయేవి, ఆకాశం పోయేది, నేనూ పోయేదాన్ని. అద్దం వెనక ఉన్న మనుషులు మిగిలేవాళ్ళు. సూదిలో దారం ఎక్కిస్తున్న దర్జీ. గల్లాపెట్టె దగ్గర కునికిపాట్లు పడుతున్న పెద్దాయన. ఎవరూ నన్ను చూడకుండా నేనే అందరినీ చూడడం నాకు చాలా ఇష్టంగా ఉండేది. సాయంత్రం ఆకాశం వంక పెట్టి తిప్పితే ఒక మేర నీలం చిక్కబడి, ఎవరో తడిచేత్తో రాసినట్టు అయ్యేది.

పదిహేడేళ్ళుగా మామయ్య ఒక గెలాక్సీని కొలుస్తున్నాడు. వేల వాటిని చూసి ఉంటాడు కానీ, ఆయనది అనుకున్నది ఆ ఒక్కటే. గుమ్మటంలో పరిశోధన చేసే పెద్దావిడని అందరూ మేడం అంటారు. దాన్ని ఎంచింది ఆవిడ. దాని నడిమధ్యలో కోట్ల సూర్యుళ్ళంత బరువున్న కృష్ణబిలం ఉంది. అది చుట్టూ ఉన్నదాన్ని మింగుతూ, ఒక పక్కకి వెలుగుని పిచికారీలా చిమ్ముతుంది. అక్కడ ఒకటి కాదు, రెండు ఉన్నాయని మేడం అనుమానం. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటే, విడివిడిగా చూసేంత కన్ను ఏ టెలిస్కోపుకీ లేదు. కానీ రెండోది దగ్గరికి వచ్చినప్పుడల్లా మొదటిదాన్ని కాస్త లాగాలి. లాగితే పిచికారీ దిక్కు మారాలి. దిక్కు మారితే వెలుగు ఊగే కోణం మారాలి. ఆ కోణమే మామయ్య రాత్రుళ్ళు కొలిచి నోటుపుస్తకంలో రాసేది.

మామయ్య వాటిని ఆలుమగలు అనేవాడు.

"మీ ఆలుమగలు ఎలా ఉన్నారు?" అని అత్తయ్య పొద్దున తలుపు తీస్తూనే అడిగేది.

"మాటామంతీ లేదు. ఎవరి దారి వారిదే."

"మనలాగేనన్నమాట. పదండి, పాలు విరిగిపోయేలా ఉన్నాయి."

అలాంటిది, ఆరేళ్ళ కిందట వానలు వెలిసి గుమ్మటం మళ్ళీ తెరిచినప్పటినుంచి ఆ కోణం మారింది. రోజురోజుకీ ఎలాగూ కాస్త అటూ ఇటూ చలిస్తుంది. ఏడాది సగటు తీస్తే మాత్రం అంతకుముందుకీ ఇప్పటికీ ఇరవై రెండు డిగ్రీల తేడా. ఒరిగింది, ఒరిగినట్టే ఉంది. ఆరేళ్ళు ఆగి చూసి, ఇక ఆగనక్కర్లేదని మేడం వ్యాసం రాశారు. ఆలుమగలు ఉన్నట్టే. వ్యాసం మీద ఆరుగురి పేర్లు, అందులో నాలుగోది మామయ్యది. ఎనిమిదో తరగతి చదివిన కోణాలాయన పేరు.

మామయ్య ఆ మాట ఇంట్లో ఒక్కసారే చెప్పాడు. అత్తయ్య వీధంతా చెప్పింది. ఆయన మాత్రం ఆ వారమంతా అద్దం ముందు తల నిటారుగా పెట్టుకుని దువ్వుకున్నాడు.

వ్యాసంతో పాటు పదిహేడేళ్ళ అంకెలూ పట్టికలుగా పంపాలట. నోటుపుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడానికి ఒక మనిషి కావాలంటే, "మా అమ్మాయి ఉంది. అంకె తప్పు రాయదు, నోరు అసలు తెరవదు" అని మామయ్య నన్ను తీసుకెళ్ళాడు. గుట్ట మీద ఒక పొడుగాటి గది. కిటికీ పక్కన బల్ల. పుస్తకాల్లో మామయ్య దస్తూరీ చీమల బారులా సన్నగా, ఎక్కడా కొట్టివేత లేకుండా ఉండేది. తేదీ, కోణం, పక్కన సవరణ. మేడం వచ్చి వేలితో చూపించి, "ఈ గెలాక్సీ వరసలు చాలమ్మా, మిగతావి అక్కర్లేదు" అని వెళ్ళిపోయారు.

ఏవి గెలాక్సీవో ఏవి మిగతావో నాకు సరిగా తెలియలేదు. ప్రతి పేజీలో సాక్షి అని ఒక నక్షత్రం పేరు కూడా వచ్చేది. అది మిగతావాటిలోకి వస్తుందో రాదో. వెళ్ళి అడగాలి. మేడం గది తలుపు దాకా రెండుసార్లు వెళ్ళాను. లోపల ఆవిడ ఫోనులో మాట్లాడుతున్నారు. మూడోసారి వెళ్ళడానికి మొహమాటమేసి, అన్నీ టైపు చేసేశాను. పదిహేను రోజుల పని నెల పట్టింది. నెమ్మదిదాన్ననుకున్నారు.

ఆఖరి పుస్తకం పూర్తయిన రోజు మధ్యాహ్నం, మేడం నేర్పిన మీట నొక్కాను. కంప్యూటరు అంకెల్ని గీతగా మార్చి చూపించింది. గెలాక్సీ గీత తిన్నగా వచ్చి, ఆరేళ్ళ కిందట మెట్టు దిగినట్టు దిగి, మళ్ళీ తిన్నగా సాగింది. దాని కింద ఇంకో గీత. నక్షత్రానిది. అదీ తిన్నగా వచ్చింది. అదీ అదే రోజున మెట్టు దిగింది.

నేను చాలాసేపు ఆ రెండు గీతల్నీ చూస్తూ కూర్చున్నాను. కిటికీలోంచి ఎండ బల్ల మీదికి జరిగింది. పక్కపక్కన రెండు మెట్లు, ఇద్దరు మనుషులు ఒకేసారి అడుగు కిందకి వేసినట్టు. బావుందనిపించింది. తప్పని తట్టలేదు.

ఇంటికి వెళ్ళేసరికి నాలుగైంది. మామయ్య లేచి, కళ్ళగుడ్డ నుదుటిమీదికి నెట్టుకుని, టీ గ్లాసుతో గుమ్మంలో కూర్చున్నాడు.

"మామయ్యా, ఒకటి అడగనా?"

"నువ్వు నోరు తెరిస్తే వానొస్తుంది. ఆరేసినవి లోపల పెట్టి అడుగు."

"సాక్షి నక్షత్రానికి కూడా జంట ఉందా?"

సాక్షి అన్నది మామయ్య పెట్టిన పేరే. మనకీ దానికీ మధ్యలో ఉన్న దుమ్ము వల్ల దాని వెలుగు ఎప్పుడూ ఒకే కోణంలో ఊగుతుంది. ఏళ్ళు గడిచినా మారదు. అందుకని రోజూ పని మొదలుపెట్టేముందు దాన్ని ఒకసారి కొలిచి, పనిముట్టు సరిగా ఉందనుకున్నాక టిక్కు పెట్టేవాడు.

ఆయన నవ్వాడు. "దానికెక్కడి జంట? అది బ్రహ్మచారి."

"మరి అది కూడా ఒరిగిందిగా."

"ఎటు?"

"ఆలుమగలు ఒరిగిన వైపుకే. అన్నే డిగ్రీలు. ఆ రోజునుంచే."

గ్లాసు నోటి దగ్గర ఆగింది. ఆయన తాగలేదు, దించలేదు. తల మెల్లగా ఇటు వంగింది. అటు వంగింది.

"పంచదార ఎక్కువయిందా?" అంది అత్తయ్య లోపల్నుంచి.

"లేదు. చెప్పులెక్కడ?"

ఇంకా రెండు గంటల ఎండ ఉంది. ఆయన ఆ వేళప్పుడు గుట్ట ఎక్కడం నేనెప్పుడూ చూడలేదు. వెనకే నడిచాను. సగం మెట్ల దగ్గర కూర్చున్నాడు. ఆయాసం వల్ల కాదు.

"వెలుగుని తిప్పే గాజు ప్లేటు ఒకటుంది. ఆ ఏడు వానల్లో దాని చక్రం తుప్పు పట్టింది" అన్నాడు. "కొత్తది వేశాను. కొత్త చక్రం సున్నా పాత సున్నా దగ్గర లేదు. అయిదున్నర డిగ్రీలు పక్కకి. ప్లేటు ఒకటి తిరిగితే వెలుగు రెండు తిరుగుతుంది, అంటే పదకొండు. అందుకని ప్రతి అంకెలోంచీ పదకొండు తీసెయ్యమని సవరణ రాశాను. సాక్షిని కొలిచి చూశాను కూడా. పాతదానికీ కొత్తదానికీ పదకొండు తేడా రావాలి. పదకొండే వచ్చింది. టిక్కు పెట్టాను. అప్పట్నుంచీ రోజూ ఆ కొత్త అంకెతోనే పోల్చుకుంటున్నాను."

"మరి?"

"తేడా చూశాను. ఎటు తేడానో చూడలేదు."

కింద రోడ్డు మీద బస్సు వెళ్ళింది. అది మలుపు తిరిగేదాకా ఆయన దాన్నే చూశాడు.

"మేడం రేపు పొద్దున పంపేస్తుంది. ఇది నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు." చెప్పు సరిచేసుకుంటూ, "నేను చెప్పకపోతే?" అన్నాడు.

నేను పక్క మెట్టు మీద కూర్చున్నాను.

"నువ్వేమీ అనవని తెలిసే అడిగాలే" అని లేచాడు.

పగటిపూట గుమ్మటం లోపల నీళ్ళ అడుగున ఉన్నట్టుంటుంది. పై రేకుల సందులోంచి ఒకే ఒక్క వెలుగుచార నేలమీద పడి, మెల్లగా జరుగుతూ ఉంటుంది. మామయ్య మోచేతుల దాకా చేతులు కడుక్కుని, ఆరేదాకా గాలిలో పట్టుకుని నిలబడ్డాడు. తరవాత టెలిస్కోపు కింద బెంచీ మీద వెల్లకిలా పడుకున్నాడు. ఇంట్లో పడుకున్నట్టే. కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి. ఆయన తల పైన చిన్న పళ్ళెమంత చక్రం, దాని మధ్యలో ప్లేటు.

"ఇక్కడ మేం కిందనుంచి చూస్తాం" అన్నాడు. "ఆ రోజు కొత్తదీ పాతదీ బల్ల మీద పెట్టి పైనుంచి చూశాను. గోడ గడియారాన్ని గోడ వెనకనుంచి చూస్తే ముల్లు ఎటు తిరుగుతుంది?"

"వెనక్కి."

"అంతే. కలపాల్సింది తీసేశాను." ఆయన వేలు పైకెత్తి గాలిలో ఒక చిన్న సున్నా చుట్టాడు. మళ్ళీ ఎదురువైపుకి చుట్టాడు. "పదకొండు కలపాలి, పదకొండు తీశాను. ఇరవై రెండు. ఆలుమగలు ఇద్దరూ నా అరచేతిలో ఉన్నారే అమ్మాయ్, ఆరేళ్ళుగా."

నేను పక్కన నిలబడ్డాను. ఆయన లేవలేదు. వెలుగుచార బెంచీ కాలు దాటి, ఆయన మోకాలి మీదికి ఎక్కింది. దాన్లో దుమ్ము తిరుగుతోంది, తొందర లేకుండా. నాకు ఆయన్ని లేపాలనిపించలేదు. ఆ కాసేపూ ఆ రెండూ ఇంకా ఉన్నాయి, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ. మెట్లు దిగి మేడం గదిలోకి వెళ్ళి చెప్పేదాకా ఉంటాయి.

చార నడుం దాకా వచ్చాక లేచి, చొక్కా సర్దుకుని దిగాడు.

మేడం సంచి సర్దుకుంటున్నారు. మామయ్య కూర్చోకుండానే అంతా చెప్పేశాడు. తుప్పు, కొత్త చక్రం, బల్ల, గడియారం. ఎక్కడా ఆగలేదు, తప్పులో ఎవరినీ కలుపుకోలేదు. నేను తలుపు దగ్గర గోడకి ఆనుకుని మేడం చేతుల్నే చూస్తున్నాను. ఆవిడ సంచి జిప్పు సగం దాకా లాగి, అలాగే పట్టుకున్నారు.

"సాక్షి గీత చూపించండి" అన్నారు.

చూపించాను. మొదటి రెండుసార్లూ వేరే మీట నొక్కాను.

ఆవిడ చూశారు. లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ చూశారు. తరవాత తనే సవరణలో తీసివేత గుర్తు చెరిపి, కలిపే గుర్తు పెట్టారు. రెండు మెట్లూ ఒక్కసారి మాయమయ్యాయి. రెండు గీతలూ పదిహేడేళ్ళ పొడుగునా, ఎండలో కాలువల్లా తిన్నగా పడుకున్నాయి.

"అన్నయ్యా" అన్నారు మేడం. మామయ్యని ఆవిడ ఎప్పుడూ అలాగే పిలిచేవారు. "రేపు పొద్దున తొమ్మిదికి పంపుదామనుకున్నాను."

"తెలుసమ్మా."

"పదకొండుకి చెప్పి ఉంటే ఏం చేసేదాన్ని?"

"నన్ను గుట్టమీంచి తోసేదానివి."

ఆవిడ నవ్వలేదు. నవ్వబోయి ఆగినట్టు మాత్రం అనిపించింది. అప్పుడు నావైపు తిరిగారు. "గెలాక్సీ వరసలు చాలన్నానుగా. సాక్షివి ఎందుకు టైపు చేశావు?"

"ఏవి వదిలెయ్యాలో... అడుగుదామని వచ్చాను. మీరు ఫోనులో ఉన్నారు."

"ఎన్నిసార్లు వచ్చావు?"

"రెండుసార్లు."

"మూడోసారి వచ్చి ఉంటే" అని ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. "వద్దులే. రాకపోవడమే మంచిదయింది."

మామయ్య ఆరేళ్ళ కిందటి నోటుపుస్తకం తీయించాడు. తన చీమల దస్తూరీ పక్కన, మొట్టమొదటిసారి ఒక అంకె కొట్టేశాడు. అడ్డంగా ఒకటే గీత, కింద ఉన్నది కనపడేట్టు. పక్కన సరైనది రాసి, ఆ రోజు తేదీ వేసి, సంతకం చేశాడు. సంతకానికి ఆయన చాలాసేపు తీసుకున్నాడు. ఇంటికి వచ్చేదారిలో, "పేరు పోయిన మాట మీ అత్తయ్యకి నేను చెప్తాను. నువ్వు చెప్పకు" అన్నాడు. నేను ఎవరికైనా ఏమైనా చెప్పేదాన్నయినట్టు.

అత్తయ్య విని, కూర కలుపుతున్న గరిట ఆపలేదు. "సరే" అంది. కాసేపయ్యాక, "వీధిలో చెప్పినవాళ్ళకి ఒక్కొక్కరికీ మళ్ళీ చెప్పుకురావాలి. నా నడుం సంగతి ఎవరికీ పట్టదు" అంది. ఆ పూట ఆయన కంచంలో కూర రెండుసార్లు వేసింది.

ఎనిమిది నెలలకి వ్యాసం అచ్చయింది. మేడం మళ్ళీ మొదటినుంచి రాశారు. ఈ గెలాక్సీలో, ఈ పద్ధతిలో, పదిహేడేళ్ళు చూసినా జంట జాడ కనపడలేదని. అందులో ఒక పేరా మొత్తం చక్రం గురించి ఉంది, ఏ వైపునుంచి చూడాలో, ఎలా పొరపాటు పడవచ్చో. ఆ పేరా మామయ్య చెప్తుంటే మేడం రాసుకున్నది. పేర్లు ఈసారి అయిదే. ఒకాయన కనపడనిదాని మీద నా పేరెందుకని తప్పుకున్నారట. అందుకని మామయ్యది మూడోదయింది.

సాయంత్రం కాగితం ఇంటికి తెచ్చాడు. అత్తయ్య కళ్ళద్దాలు పెట్టుకుని, గుమ్మం వెలుగులోకి వెళ్ళి పట్టుకుంది.

"ఇదేనా మీ పేరు? ఇంత చిన్న అక్షరాలేం?"

"అందరివీ అంతే."

"పదిహేడేళ్ళు చూసి, ఏమీ లేదని రాశారా?"

"లేదని కాదు. మాకు కనపడలేదని."

"రెండూ ఒకటి కాదా?"

"కాదు" అన్నాడు మామయ్య. చెప్పులేసుకున్నాడు. "లేదంటే నేనింక వెళ్ళక్కర్లేదుగా."

అత్తయ్య ఆయన పేరు మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకి చదివింది. ఆయన అప్పటికే గేటు దాటి గుట్టవైపు నడుస్తున్నాడు. ఆవిడ రెండోసారి ఇంకాస్త గట్టిగా చదివింది, అక్కడికి వినపడేలా.